తూఫాన్ పరదేశి కూతురు

రాయపూర్‌లో వ్యాగన్ రిపేరు షాపు వాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోకి వచ్చి పరదేశి ఇల్లెక్కడ అంటే, ఏ పరదేశి అని ఎదురడుగుతారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబాల్లో ఆ పేరు వీధికొకటి ఉంటుంది. తూఫాన్ పరదేశి అంటే మాత్రం ఆడుకునే పిల్లలు కూడా ఆట ఆపకుండా వేలెత్తి చూపిస్తారు.

ఆ పేరు వర్క్‌షాపులో హిందీవాళ్లు పెట్టింది. రిపేరుకొచ్చిన గూడ్సు వ్యాగన్ల చక్రాలు ఊడదీసి, కొలిచి, అరిగినవాటిని పక్కకు నెట్టి, పనికొచ్చేవాటిని మళ్లీ ఎక్కించడం పరదేశి పని. ఇద్దరు కలిసి పూటంతా చేసేది అతనొక్కడూ టీ గంటలోపు ముగించి, "ఇంకేటుంది?" అని చేతులు తుడుచుకుంటూ నిలబడేవాడు. నడకా అంతే, తిండీ అంతే. పెళ్లిపీటల మీద తలంబ్రాల పళ్లెం అతనిదే ముందు ఖాళీ అయిందని భార్య గంగాభవాని ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఆ తొందర తండ్రి నుంచి వచ్చింది కాదు. తండ్రి జోగయ్య పలాస దగ్గర పల్లె నుంచి ఖలాసీగా వచ్చిన నెమ్మదస్తుడు. ఆయనా, భార్య దాలమ్మా రైల్వే క్వార్టర్లో కాపురం పెట్టాక పరదేశి ఇక్కడే పుట్టాడు. హిందీ మీడియంలో పది చదివాడు, ఐటీఐ చేశాడు, 2004లో వర్క్‌షాపులో చేరాడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, పనిలో హిందీ. మూడూ ఎదుటివాళ్లకి సగమే అందేంత వేగంగా మాట్లాడతాడు.

అలాంటి మనిషికి 2011లో నీలిమ పుట్టింది. ఒక్కతే కూతురు.

నీలిమ ఏ పనీ తొందరగా చేసేది కాదు. షూ లేసు కట్టుకోవాలంటే రెండు కొసలూ సమానంగా ఉన్నాయో లేదో ముందు చూసుకునేది. ఉప్మాలో ఆవాలు ఒక పక్కకి చేర్చి గాని ముద్ద నోట్లో పెట్టేది కాదు. బడికి నడిచి వెళ్లేటప్పుడు పరదేశి పది అడుగులు ముందుంటే పిల్ల వెనకెక్కడో ఆగి కరెంటు తీగల వంక చూస్తుండేది. "జల్దీ నీలూ, జల్దీ!" ఆ పిల్లకు వచ్చిన మొదటి హిందీ మాట అదే.

అయితే ఆ పిల్లలో ఇంకేదో ఉందని పరదేశికి ఒక ఆదివారం పొద్దున తెలిసింది.

అతనికో జేబు పుస్తకం ఉండేది. ఏ వ్యాగనుకి ఏ చక్రాలు ఎక్కించాడో అందులో రాసుకుంటాడు. ఒక్కో వ్యాగను మీదా పదకొండంకెల నంబరుంటుంది. ఎనిమిదేళ్ల నీలిమకు ఆ పుస్తకం తిరగేయడం సరదా. ఆ ఆదివారం అతను గడ్డం గీసుకుంటుంటే పుస్తకం పట్టుకొచ్చి పక్కన నిలబడింది.

"నాన్నా, ఇది తప్పు రాశావు."

"ఏది?"

"ఈ చివరి నంబరు. ఇక్కడ నాలుగు కాదు, తొమ్మిది ఉండాలి."

"నువ్వు చూశావేటి వ్యాగన్ని?"

"లేదు. ఇవి వరసగా ఉన్నాయి కదా, చూడు. చివరి నుంచి రెండో అంకె నాలుగైతే చివరన ఎనిమిది ఉంది. ఐదైతే ఐదు. ఆరైతే రెండు. అది ఒకటి పెరిగితే ఇది మూడు తగ్గుతోంది. రెండులోంచి మూడు పోదు, పన్నెండులోంచి తీస్తే ఏడు దగ్గర తొమ్మిది రావాలి. నువ్వు నాలుగు రాశావు."

పరదేశి సబ్బు మొహంతోనే పుస్తకం తీసుకుని చూశాడు. పదిహేనేళ్లుగా ఆ నంబర్లు రాస్తున్నాడు. అవి ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయని అతనికెప్పుడూ తోచలేదు. సోమవారం వర్క్‌షాపులో మొట్టమొదట ఆ వ్యాగను దగ్గరికే పోయాడు. పెయింటు సగం రాలిపోయి ఉంది. గుడ్డతో మసి తుడిస్తే తొమ్మిది కనిపించింది.

సెక్షన్ ఇంజనీరు దుర్గారావు గారిని అడిగాడు. బెజవాడ నుంచి బదిలీ మీద వచ్చిన పెద్దమనిషి. "అవునోయ్, చివరి అంకె మిగతా పదింటి నుంచి లెక్కకట్టి వేస్తారు. ఎవడైనా తప్పు రాస్తే దొరకాలని. నీకెవరు చెప్పారు?" అన్నాడాయన.

"మా గుంట చెప్పింది సార్, ఎనిమిదేళ్లది."

ఆయన కళ్లజోడు తీసి అతని వంక చూశాడు.

ఆ నెలాఖరునే బడి నుంచి పిలుపొచ్చింది. నీలిమ మూడో తరగతి. క్లాసు టీచరు మూడు జవాబు పత్రాలు బల్ల మీద పరిచింది. రాసిన లెక్కలన్నీ ఒప్పే. కానీ మూడు కాగితాలూ సగం నుంచి కిందికి తెల్లగా ఉన్నాయి. "పిల్ల మంచిదే. చాలా సుస్తు, బద్ధకం. బోర్డు మీద రాసింది ఎక్కించుకునేసరికి పీరియడ్ అయిపోతుంది. వచ్చే ఏడాది వెనకబడిన పిల్లల సెక్షన్లో వేద్దామనుకుంటున్నాం," అంది హిందీలో. పరదేశి వ్యాగన్ నంబర్ల సంగతి చెప్పాడు. ఆవిడ నవ్వింది. తల్లిదండ్రులందరూ చెప్పే మాటలకి నవ్వే నవ్వు అది.

ఇంటికొచ్చి జరిగింది గంగాభవానికి చెప్పాడు. ఆవిడ ఇచ్ఛాపురంలో ఇంటర్ దాకా చదివింది, సాయంత్రాలు పిల్లని కూర్చోబెట్టి రాయించేది ఆవిడే. ఆ రోజూ కూర్చోబెట్టింది. పది వాక్యాలు రాయడానికి గంటన్నర పట్టింది. ఏడో వాక్యం దగ్గర నీలిమ ఒక అక్షరాన్ని మూడోసారి చెరుపుతుంటే ఓర్పు తెగి చెక్క స్కేలుతో వేళ్ల మీద ఒకటి వేసింది. పిల్ల ఏడవలేదు. చెయ్యి ఒళ్లో దాచుకుని, "అది వంకరగా వచ్చిందమ్మా," అంది.

మర్నాడు దుర్గారావు గారు సంగతంతా విని ఒక సలహా ఇచ్చాడు. "ఊళ్లోనే, మోవాలో ఒక సైకాలజిస్టు ఉంది. పిల్లల తెలివితేటలకి పరీక్ష చేస్తుంది. ఐక్యూ నూట ముప్పై దాటిందనుకో, ఆ కాగితం పట్టుకెళ్లి స్కూల్లో పెట్టు. నోరెత్తరు."

నూట ముప్పై. ఆ అంకె పరదేశి బుర్రలో మేకులా దిగింది.

ఇంట్లో దాలమ్మ ఒప్పుకోలేదు. "ఏటి, నా మనవరాలికి పిచ్చేటి? బుర్ర డాట్రు కాడికి తీసుకుపోతావా? రేపు పెళ్లి కాడ ఎవుడైనా ఎత్తితే ఏటి సెప్తావు?"

"పిచ్చి డాక్టరు కాదమ్మా. కొలుస్తారంతే."

"కొలిసీడానికి అదేటి, నీ సెక్రమా?"

ఆవిడ అలా గొణుగుతూనే పిల్ల జుట్టుకి కొబ్బరినూనె రాసి, కొత్త రిబ్బను కట్టి పంపింది.

సైకాలజిస్టు పేరు రాజశ్రీ. మరాఠీ ఆవిడ, నలభై ఏళ్లుంటాయి. పరీక్ష ఒక్క రోజులో కాదంది. రెండు శనివారాలు, పొద్దుటి పూట, పిల్ల అలసిపోకుండా. బల్లకి అవతల ఆవిడ, ఇవతల నీలిమ. గది తలుపుకో అద్దం ఉంది. పరదేశి వరండాలో బెంచీ మీద కూర్చోలేక ఆ అద్దం దగ్గరే నిలబడ్డాడు.

రంగుల చెక్కముక్కలతో బొమ్మలో ఉన్నట్టు పేర్చమన్నప్పుడు నీలిమ కాసేపు చేతులు కట్టుకుని చూసి, తర్వాత వరసగా పెట్టేసింది. ఒక్కటీ తీసి మార్చలేదు. రాజశ్రీ మరింత కష్టమైనది ఇచ్చింది. ఇంకా కష్టమైనది. పరదేశికి ఛాతీ ఉబ్బింది.

రెండో శనివారం గుర్తులు గీసే కాగితం వచ్చింది. అంకెకో గుర్తు చొప్పున, చూసి గబగబా కింద గడుల్లో గీస్తూ పోవాలి. ఆవిడ చేతిలో స్టాప్‌వాచ్ ఉంది. నీలిమ మొదటి గుర్తు గీసింది. దాన్ని పైనున్న గుర్తుతో పోల్చి చూసుకుంది. చెరపడానికి రబ్బరు లేదు, అందుకని గీత మీద గీత దిద్దింది. రెండోది. అద్దానికి ఇవతల పరదేశి వేళ్లు వాటంతటవే కదులుతున్నాయి. మూడోది. పెన్సిలు పట్టుకున్న పిల్ల వేళ్లు తెల్లబడిపోయాయి. "జల్దీ బేటా, జల్దీ," అని అతను నోట్లోనే అనుకుంటున్నాడు. సమయం అయిపోయిందని ఆవిడ కాగితం తీసుకునేసరికి రెండు వరసలు కూడా నిండలేదు.

రిపోర్టు కోసం పదిరోజులు ఆగాలి. ఆ పదిరోజులూ అతను వర్క్‌షాపులో రెండుసార్లు కొలత తప్పు చదివాడు. మునుపెన్నడూ లేదు.

పదకొండో రోజు సెలవు పెట్టి స్కూటర్ మీద మోవా వెళ్లాడు. గంగాభవాని వెనక కూర్చుంది. రాజశ్రీ కాగితాలు వాళ్ల వైపు తిప్పింది. ఇంగ్లీషు చదవడం పరదేశికి అంతంత మాత్రం. అంకెలు మాత్రం ఏ భాషలోనైనా అంకెలే. అట్టడుగున గడిలో పెద్దగా ఉన్నది మొదట కంటబడింది.

నూట పదమూడు.

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "సరే మేడమ్," అని లేవబోయాడు.

"కూర్చోండి భాయీసాబ్. నేనింకా మొదలే పెట్టలేదు."

"నూట ముప్పై రాలేదు కదా మేడమ్. ఇంకేటి ఉంది. టీచరు చెప్పిందే నిజం అయ్యుంటుంది. మేమే ఎక్కువ అనుకున్నాం."

రాజశ్రీ వాదించలేదు. తెల్లకాగితం తీసుకుని మధ్యలో అడ్డంగా ఒక గీత గీసింది. "ఇది వంద. ఇదే వయసు పిల్లలందరిలో నడిమి పిల్ల ఇక్కడుంటుంది. ఇప్పుడు మీ అమ్మాయిని చూడండి." గీత మీద చాలా ఎత్తున ఒక చుక్క పెట్టింది. "బొమ్మల్లో, ఆకారాల్లో క్రమం పట్టుకోవడం. నూట ముప్పై ఎనిమిది. వందమంది పిల్లల్ని నిలబెడితే తొంభై తొమ్మిదిమంది ఈమె వెనక ఉంటారు." దానికి కాస్త కింద ఇంకో చుక్క. "మాటలు, అర్థాలు. నూట ఇరవై ఆరు. అదీ ఆమెది కాని భాషలో. మీ ఇంట్లో తెలుగు, నేను అడిగింది హిందీలో. కాబట్టి ఇది కొంచెం తక్కువే చూపించి ఉండొచ్చు." గీతకి ఆనుకుని మూడోది. "విన్నవి కాసేపు గుర్తుంచుకుని వాడటం. నూట నాలుగు. మామూలు." తర్వాత పెన్ను గీత దాటి బాగా కిందికి వెళ్లింది. "చూసి త్వరగా చెయ్యడం. డెబ్బై ఐదు."

గంగాభవాని పైట కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"వందమందిలో ఓ నలుగురైదుగురే ఈమె వెనక ఉంటారు," అంది రాజశ్రీ, గొంతు మార్చకుండా. "ఈ నాలుగూ కలిపి మా పట్టిక ప్రకారం లెక్కకడితే వచ్చింది నూట పదమూడు. చుక్కలన్నీ దగ్గరదగ్గరగా ఉంటే ఆ ఒక్క అంకెతో పిల్ల గురించి చెప్పొచ్చు. ఇంత దూరదూరంగా ఉన్నప్పుడు అది ఎవరి గురించీ చెప్పదు. మీ అమ్మాయి నూట పదమూడు దగ్గర ఎక్కడా లేదు. చూడండి, అక్కడ చుక్కే లేదు."

పరదేశి ఆ కాగితం దగ్గరికి లాక్కున్నాడు. అతని జీవితంలో కొలతలు తప్ప ఇంకేమీ లేవు, కొలతల గురించి ఎవరైనా చెబితే అర్థం చేసుకోగలడు.

"మేడమ్, మా దగ్గర ఒకే ఇరుసు మీద రెండు చక్రాలుంటాయి. ఒకటి తొమ్మిది వందల ఎనభై మిల్లీమీటర్లు, రెండోది తొమ్మిది వందల ఇరవై ఉందనుకోండి. కూడి సగం చేస్తే తొమ్మిది వందల యాభై. కాగితం మీద మంచి జోడీ. కానీ అలా రాసి సంతకం పెడితే నా ఉద్యోగం పోద్ది. రెండూ విడివిడిగానే రాయాలి."

రాజశ్రీ కళ్లు మెరిశాయి. "ఇది నేను ఇంకొకళ్లకి చెప్పుకోవచ్చా?"

"చెప్పండి. అయితే అలాంటి జోడీని మేం లైను మీదకి పంపం మేడమ్. పిల్లని ఏటి చెయ్యాలి?"

"పిల్ల చక్రం కాదు కదా. అలాగే నడుస్తుంది. నడిచే దారి మనం చూడాలి."

ఆవిడ ఇంకో కాగితం తీసింది. పరీక్షలో నీలిమ కొన్ని జవాబులు హిందీ తట్టక తెలుగులో చెప్పిందట, వాటిని ఆవిడ విన్నది విన్నట్టు దేవనాగరిలో రాసుకుంది, అర్థం చెప్పమంది. తాళానికీ, మూతకీ పోలికేమిటి అని ఆవిడ అడిగింది. నీలిమ చెప్పినదాన్ని పరదేశి కూడబలుక్కుని చదివాడు: "రెండూ 'ఇప్పుడు కాదు' అంటాయి."

హిందీలోకి మార్చి చెప్పాడు. రాజశ్రీ నవ్వింది. ఆపైన కాగితం అంచున ఏదో రాసుకుంది.

"మరి ఆ కింది అంకె ఎందుకలా వచ్చింది మేడమ్?" గంగాభవాని మొదటిసారి నోరు తెరిచింది.

"ఒక్క కారణం చెప్పలేనమ్మా. పెన్సిలు మరీ బిగించి పడుతోంది, ఆ చెయ్యి చూపించాలి. కళ్లు చూపించాలి. ప్రతి గుర్తూ అచ్చుగుద్దినట్టు రావాలని పట్టుదల. అయితే పెన్సిలుతో పెద్ద పని లేని చోట కూడా నిదానంగానే చేసింది. కాబట్టి చెయ్యొక్కటే కారణం కాదు. కొంతమంది పిల్లల తీరే అది. బద్ధకం మాత్రం కాదు. రెండు రోజులు ఎదురుగా కూర్చుని చూశాను, బద్ధకం కాదు."

గంగాభవాని ఒళ్లో ఉన్న తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంది. "నేను స్కేలుతో కొట్టానండీ," అంది. అంతే, ఇంక ఏడుపు ఆగలేదు. రాజశ్రీ మంచినీళ్ల గ్లాసు ఆవిడ వైపు జరిపింది.

లేచేముందు పరదేశికి ఒక ఉపాయం తోచింది. "మేడమ్, పై రెండు అంకెలే తీసుకుని లెక్కకడితే ఎంతవుద్ది?"

"అలా కట్టే పద్ధతి కూడా ఉంది. నూట ముప్పై ఐదు."

"అయితే బడికి అదే రాసివ్వండి. కిందివి వద్దు."

రాజశ్రీ తల అడ్డంగా ఊపింది. "రెండూ రాస్తాను. నూట ముప్పై ఐదు చూపిస్తే ఏమంటారు? ఇంత తెలివి పెట్టుకుని రాయట్లేదంటే పొగరు అంటారు. ఈ పిల్లకి అరగంట ఎక్కువ ఇప్పించేది ఆ డెబ్బై ఐదే. దాన్ని దాచకండి."

ఆ మాట పరదేశికి స్కూటర్ మీద ఇంటికి వచ్చేదాకా అర్థమవుతూనే ఉంది, కొంచెం కొంచెంగా.

బడివాళ్లు ఆవిడ రాసిచ్చిన ఉత్తరం చదివి ఒక వారం తీసుకున్నారు. ప్రిన్సిపాల్ పిలిచి, వేరే సెక్షన్ ఆలోచన మానుకున్నామని, లెక్కల పరీక్షలో ఇరవై నిమిషాలు అదనంగా ఇచ్చి చూస్తామని చెప్పింది. బోర్డు మీది పాఠం ఫొటో తీసుకోనివ్వమంటే మాత్రం కుదరదంది, అందరూ అడుగుతారట. లెక్కల్లో నీలిమకు నూటికి తొంభై ఆరు వచ్చాయి. హిందీలో ఎప్పటిలాగే సగం కాగితం తెల్లగా ఉంది. క్లాసు టీచరు ఆ తొంభై ఆరు కాగితాన్ని పరదేశికి ఇస్తూ, "నాకు తెలీలేదు భయ్యా," అంది.

ఇంట్లో కొన్ని మారాయి. కళ్లజోడు వచ్చింది. చేతివేళ్లకి బలం రావాలని చపాతీ పిండి కలిపే పని పిల్లకి అప్పజెప్పారు. దాలమ్మ పక్కన కూర్చుని, "ఒలమ్మా, ఈ పిండి రేపటికైనా అవుద్దా?" అని ఆటపట్టిస్తూనే అది కలిపేదాకా పొయ్యి వెలిగించకుండా కూర్చునేది. గంగాభవాని పది వాక్యాలకి బదులు మూడు రాయించి, మిగతా ఏడూ నోటితో చెప్పించుకునేది.

అన్నిటికంటే కష్టమైన పని పరదేశికి పడింది. ఆగడం. పిల్లకి ఒక ప్రశ్న వేసి జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవడం అతనికి లారీ ఆపినంత పని. మొదట్లో లోలోపల అంకెలు లెక్కపెట్టుకునేవాడు. ఇరవై దాటేసరికి కాలు ఆడించేవాడు. అది చూసి నీలిమ గాభరాపడి తప్పు చెప్పేది. కాలు ఆడించడం మానడానికి ఏడాది పట్టింది. 2020లో కరోనాకి బడులు మూసేసినప్పుడు గూడ్సు రైళ్లు ఆగలేదు కాబట్టి వర్క్‌షాపు పని పూర్తిగా ఆగలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, స్నానం చేసి, ఫోనులో వచ్చిన పాఠం పిల్ల తనకి తిరిగి చెబుతుంటే వినేవాడు. ఒకసారి గ్రహణాల గురించి ఒక ప్రశ్న అడిగాడు. నీలిమ ఆలోచనలో పడింది. అతను వాకిట్లో మొక్కలకి నీళ్లు పోసి వచ్చాడు. అప్పుడు చెప్పింది. ఆ జవాబు అతనికి సగమే అర్థమైంది గాని, పుస్తకంలో ఉన్నది మాత్రం కాదని తెలిసింది.

ఇలా సర్దుకున్నాం అనుకున్నారు తల్లీ తండ్రీ ఇద్దరూ. ఒక తప్పు చేశారు. అది నాలుగేళ్లకి బయటపడింది.

2023 వేసవి. నీలిమకు పన్నెండేళ్లు. ఏదో ఫారానికి ఆధార్ కాగితం కావాలని బీరువాలో ఫైలు తీసింది. దాని వెనక రిపోర్టు ఉంది. పరదేశి భోజనానికి వచ్చేసరికి పిల్ల నేల మీద కూర్చుని మొత్తం చదివేసి ఉంది. ఇంగ్లీషు మీడియం పిల్ల, ఆమెకి ఎవరూ చదివి పెట్టక్కర్లేదు.

"నాన్నా, ఇది ఎప్పటిది?"

"నీకు ఎనిమిదేళ్లప్పటిది తల్లీ. ఆ ముక్కలాట ఆడించిన మేడమ్ గుర్తుందా?"

"ఇందులో రాసి ఉంది, బద్ధకం కాదు అని." వేలు ఆ వాక్యం మీదే ఉంది. "మీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు. అందుకే కదా బడిలో..."

"నాకెందుకు చెప్పలేదు?"

పరదేశి అన్నం కంచం కింద పెట్టాడు.

"నేను బద్ధకపుదాన్నే అనుకున్నాను ఇన్నాళ్లూ. టైము ఎక్కువ ఇస్తుంటే నా మీద జాలిపడి ఇస్తున్నారనుకున్నాను. క్లాసులో అందరూ అలాగే అంటారు." ఆమె గొంతు పెంచలేదు. ఒక్కో మాటా వెతుక్కుని, సరిచూసుకుని చెప్పింది. "మీ అందరికీ తెలుసు. మామ్మకి కూడా తెలుసు. నాకొక్కదానికే తెలీదు."

గంగాభవాని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. చిన్నపిల్ల, అంకెలు చెబితే మనసులో పెట్టుకుంటుందని భయపడ్డారు. తెలివైనదానివని చెబితే తలకెక్కుతుందని భయపడ్డారు. బడికి చెప్పారు, దుర్గారావు గారికి చెప్పారు, పలాసలో ఉన్న బంధువులకి కూడా ఎవరికో చెప్పారు. అది ఎవరి గురించో ఆ మనిషికి మాత్రం చెప్పడం మరిచిపోయారు.

పరదేశి కంచం పక్కకి జరిపి కూతురికి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "తప్పైపోయింది నీలూ," అన్నాడు. పెద్దవాళ్లు పిల్లలతో ఆ మాట అనడం ఆ ఇంట్లో అదే మొదలు. అతను కదలకుండా కూర్చున్నాడు. అన్నం చల్లారిపోయింది.

"ఆ మేడమ్ ఇంకా ఉన్నారా?" అంది చివరికి.

"ఉన్నారు. మోవాలోనే."

"నేను వెళ్లి అడగాలి. కొన్ని ఉన్నాయి అడగడానికి."

ఆ శనివారమే వెళ్లారు. ఈసారి తలుపు మూసింది నీలిమే. రాజశ్రీకి ముందే ఫోన్ చేసి ఉంచారు. పరదేశి బెంచీ మీదే కూర్చున్నాడు, అద్దం దగ్గరికి పోలేదు. అరగంట అన్నది గంటంపావు అయింది. బయటికొచ్చాక రాజశ్రీ అతనితో, "మళ్లీ పరీక్ష పెడదామా అంటే తనే సరే అంది. ఈసారి ఒక్కో పరీక్షా దేనికో ముందే అడిగి తెలుసుకుంటోంది," అంది.

రెండోసారి అంకెలు కాస్త అటూ ఇటూ జరిగాయి. మాటలది పెరిగింది. కిందిది డెబ్బై తొమ్మిది అయింది. అది బాగుపడినట్టా అని పరదేశి అడిగితే, నాలుగంకెల తేడా రోజుని బట్టి కూడా వస్తుందని, పై అంకెలతో ఎడం మాత్రం అలాగే ఉందని రాజశ్రీ చెప్పింది. రిపోర్టు ఈసారి ఇద్దరు పెద్దవాళ్లకి కాకుండా ముగ్గురికీ కలిపి చదివి వినిపించింది. నీలిమ తన కాపీ తను అడిగి తీసుకుంది.

నీలిమ ఇప్పుడు పై తరగతులకి వచ్చింది. ఇప్పటికీ నెమ్మదిగానే రాస్తుంది. కొన్ని పరీక్షల్లో సమయం దొరుకుతుంది, కొన్నిట్లో దొరకదు. దొరకనివాటిలో మార్కులు పోతాయి, ఆ రోజు ఇంటికొచ్చి తిన్నగా పిండి కలపడానికి కూర్చుంటుంది. స్నేహితురాలు ఒక్కతే, అది చాలంటుంది.

ఈ ఏడాది జూన్‌లో బడి తెరిచినప్పుడు కొత్త లెక్కల మాస్టారు వచ్చాడు, యోగేష్ సర్ అని. ప్రతి ఏడాదీ కొత్త టీచర్లకి ఉత్తరం చూపించి చెప్పుకోవడం పరదేశి పని. ఆ రోజూ ఫైలు చంకలో పెట్టుకుని బయల్దేరాడు. గేటు దగ్గర నీలిమ చెయ్యి చాపింది.

"ఇలా ఇయ్యి. నేను చెప్తాను."

"నువ్వా? నేను పక్కన ఉంటాను."

"వద్దు నాన్నా. ఇక్కడుండు."

అతను వేపచెట్టు కింద స్కూటర్‌కి ఆనుకుని నిలబడ్డాడు. పిల్లలందరూ లోపలికి పోయారు. రోడ్డు మీద ఆటోల రద్దీ తగ్గింది. వర్క్‌షాపుకి గంట పర్మిషన్ మీద వచ్చాడు, ఆ గంట అయిపోవచ్చింది. అతను గడియారం చూసుకోలేదు.

నీలిమ ఫైలు గుండెలకి ఆనించుకుని వచ్చింది.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"సరే అన్నారు." ఫైలు అంచు సరిచేసుకుంది. "ముందు ఒక లెక్క ఇచ్చారు. చేశాను. ఇంకో దారిలో కూడా అవుతుంది సర్ అన్నాను. చూపించమన్నారు. అందుకే ఆలస్యం అయింది."

"సరే, లోపలికెళ్లు. క్లాసు మొదలైపోయుంటుంది."

"ఫైలు నువ్వు తీసుకెళ్లు. బ్యాగులో పట్టదు," అని ఇచ్చేసి వెనక్కి నడిచింది. పరదేశి ఆమె మెట్లెక్కి కనుమరుగయ్యేదాకా చూసి, స్కూటర్ స్టార్ట్ చేశాడు.